గొట్టం అడుగున చుక్క

మొన్న నారాయణగూడలో కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తే, చీకటి గదిలో ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి, గడ్డం దాని మీద ఆనించమని చెప్పి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. ఎదురుగా తెల్లటి గిన్నెలాంటి దాంట్లో ఎక్కడో ఒకచోట వెలుగు చుక్క వస్తుందట. కనిపించినప్పుడల్లా నొక్కాలి. నాకు చిన్నప్పటి నుంచీ పరీక్ష అంటే చాలు, తప్పిపోతానేమోనన్న ఆత్రం. కనిపించినప్పుడూ నొక్కాను. కనిపించకపోయినా, ఈపాటికి వచ్చే ఉంటుందిలే అని నొక్కాను. కాసేపటికి పరీక్ష చేస్తున్న అమ్మాయి యంత్రం ఆపేసింది.

"మేడం, చుక్క రాకముందే నొక్కుతున్నరు. కనిపించి నొక్కుతున్నరా, వస్తదని తెలిసి నొక్కుతున్నరా?"

నాకు నవ్వు ఆగలేదు. గడ్డం యంత్రంలో ఉండగా నవ్వకూడదని అప్పుడే తెలిసింది. ఆ అమ్మాయికి కోపం వచ్చింది. ఇదే తప్పు మీద నన్ను మా అపార్ట్‌మెంటు స్విమ్మింగ్ పూల్ గట్టున ఎండలో నిలబెట్టి తిట్టిన మనిషి ఒకాయన ఉండేవారని ఆమెకెలా తెలుస్తుంది? "తెలిసింది చెప్పొద్దు మేడం. కనిపించింది చెప్పుండ్రి" అనేవారాయన. పోయిన చలికాలంలో, పెద్దగా జబ్బేమీ పడకుండానే, నిద్రలో పోయారు. ఆ రోజు మా అందరి హడావిడిలో నాకు సరిగ్గా ఏడవడం కూడా కుదరలేదు. కళ్ల డాక్టరు దగ్గర నవ్వుతో మొదలై కళ్లలో నీళ్లు తిరిగితే, చుక్కల మందు వేశారేమో అనుకుని బయట బెంచీ మీద నా పక్కనున్న ముసలాయన నాకు రుమాలు ఇచ్చాడు.

ఆయన్ని మేమందరం 'సార్' అనే పిలిచేవాళ్లం. అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లలో జనరల్ సైన్స్ చెప్పేవారు. ఆయన దగ్గర పాఠం విని ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు ఊళ్లో ఏ ఆఫీసుకు వెళ్లినా ఒకరిద్దరు తగిలేవారు. ఆయన్ని చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడేవారు. ఆయనకు మాత్రం ఏ ఉద్యోగమూ రాలేదు. ఒక సెంటర్లో పొద్దున రెండు గంటలు, ఇంకో సెంటర్లో సాయంత్రం రెండు గంటలు, జీవితమంతా అలాగే గడిచింది. దానికి ఆయన బాధపడినట్టు నేను చూడలేదు. కాకపోతే అన్నేళ్లు ప్రశ్నపత్రాలతో కాపురం చేసిన మనిషి కదా, నోరు తెరిస్తే నాలుగు ఆప్షన్లు వచ్చేవి.

చిక్కడపల్లి మార్కెట్లో కూరగాయలామె ముందు నిలబడి, "ఏమ్మా, ఈ టమాటలు ఆప్షన్ ఎ, పొద్దుగాల వచ్చినయి. బి, నిన్నటియి. సి, రెండు కలిపినయి. డి, పైవేవీ కావు. ఏది?" అని అడిగేవారు. ఆమె తక్కెడ దించకుండా, "సి సార్" అనేది. అంత నిజాయితీగా చెప్పాక తీసుకోకుండా ఉండలేక ఒక కిలో తూయించుకునేవారు. ఇంట్లో మాత్రం ఈ పప్పులు ఉడికేవి కావు. "మా ఇంట్ల ఒకటే ఆప్షన్, ఉప్మా" అని ఆయన భార్య ముందే చెప్పేసేది. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని.

మా అపార్ట్‌మెంటు చిక్కడపల్లిలో మార్కెట్ వెనక సందులో ఉంది. కట్టిన బిల్డరు ఫ్లాట్లు అమ్ముడుపోవడానికని వెనక మిగిలిన కాస్త ఖాళీలో ఒక స్విమ్మింగ్ పూల్ తవ్వించాడు. పూల్ అన్నానని మరీ ఊహించుకోకండి. ఈత వచ్చినవాడు ఈ గోడను తన్ని వదిలితే ఆ గోడ తలకు తగులుతుంది. లోతు నడుము దాటి జానెడు. అయినా చుట్టాలొస్తే మాత్రం వాళ్లను వెనక్కి తీసుకెళ్లి, "ఇది మా పూల్" అని చూపించకుండా కాఫీ కూడా ఇచ్చేవాళ్లం కాదు.

ఆ పూల్ బాగోగులు సార్ చేతికి వచ్చిన తీరు కూడా చిత్రమే. అసోసియేషన్ మీటింగులో ఆ పని ఎవరికీ వద్దు. సార్ ఫోను మోగితే మాట్లాడటానికి బయటికి వెళ్లారు. తిరిగి వచ్చేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఎవరికో సన్మానమేమో అనుకుని ఆయనా కొట్టారు. తర్వాత సంగతి తెలిసింది. "నాకు ఈతనే రాదు కదండి" అన్నారు. "ఈదాల్సింది మేం సార్, మీరు నీళ్లు చూస్తే చాలు" అన్నారు ప్రెసిడెంటు గారు. ఈ ప్రెసిడెంటు గారిది భీమవరం వైపు. రెండు కార్లున్న మనిషి, గొంతు కూడా రెండు కార్లకు సరిపోయేంత ఉంటుంది.

నీళ్లు చూస్తే చాలన్నారు కాబట్టి సార్ నిజంగానే నీళ్లు చూడటం మొదలుపెట్టారు. కాచిగూడ వెళ్లి పరీక్ష చేసే డబ్బా ఒకటి కొనుక్కొచ్చారు. ఒక ఆదివారం పొద్దున నేను బట్టలు ఆరేసి దిగుతుంటే పట్టుకుని పాఠం చెప్పారు.

"మేడం, క్లోరిన్‌కు ఎండ పడదు. పొద్దుగాల ఏస్తే మధ్యాహ్నానికి ఎగిరిపోతది. టెంపరరీ ఉద్యోగం అసొంటిది. అందుకని స్టెబిలైజర్ అని ఒక మందు ఉంటది. అది తోడుంటే క్లోరిన్ ఎండకు పోదు. అంటే పర్మనెంట్ అయినట్టు. జరంత పర్మనెంట్ చేస్తే నిమ్మళంగ పని చేస్తది. మస్తుగ పర్మనెంట్ చేసినమనుకో, సీట్ల కూసుంటది. ఉంటది గని పని చెయ్యది. నాచు ముంగట నుంచే పోతున్నా తలకాయ ఎత్తి చూడది."

నేను ప్రభుత్వ ఆఫీసులో పని చేస్తాను. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఏమీ ఎరగనట్టు, "మీది పర్మనెంటే కద మేడం?" అని కూడా అడిగారు.

"మరి ఎక్కువైతే తీసేయడానికి మందు లేదా సార్?" అన్నాను, మాట మార్చడానికి.

"పర్మనెంట్ అయినోన్ని తీసేసే మందు ఏడన్న ఉందా? సగం నీళ్లు తీసేసి కొత్త నీళ్లు పట్టుడే. ఇంకో తొవ్వ లేదు."

ఇక ఆ పరీక్ష. దానికి ఒక సన్నటి గొట్టం, దాని అడుగున ఒక నల్ల చుక్క. పూల్ నీళ్లలో ఏదో మందు కలిపి ఊపితే అవి పాల నీళ్లలా తెల్లబడతాయి. స్టెబిలైజర్ ఎంత ఎక్కువుంటే అంత తెలుపు. ఆ నీళ్లను గొట్టంలో కొద్దికొద్దిగా పోస్తూ పైనుంచి చూస్తుంటే అడుగున చుక్క మసకబారుతూ మసకబారుతూ ఒకచోట మాయమవుతుంది. గొట్టానికి సార్ ఒక ఎర్ర దారం కట్టారు. నీళ్లు దారం దాటేదాకా చుక్క కనిపిస్తే పాసు. అంతకు ముందే మాయమైతే ఫెయిలు. చూసేవాళ్లు సూర్యుడికి వీపు పెట్టి నిలబడాలి, గొట్టాన్ని తమ నడుము ఎత్తులో పట్టుకోవాలి. ఆయన మమ్మల్ని భుజాలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఫోటో స్టూడియోలో లాగా నిలబెట్టేవారు.

ఒక్కరి చూపు మీద ఆయనకు నమ్మకం లేదు. ముగ్గురు చూడాలి, ఇద్దరు ఒప్పుకున్నది ఫలితం. ఆదివారం పొద్దున ఎవరు కనిపిస్తే వాళ్లను పట్టుకునేవారు. మూడో అంతస్తు పెద్దాయన ఒకరికి ఎప్పుడూ చుక్క కనిపిస్తూనే ఉండేది. గొట్టం కడిగి బోర్లించాక కూడా కనిపిస్తోందనేవారు. నాదీ అదే జబ్బు. అడుగున చుక్క ఉందని తెలుసు కాబట్టి, ఉందనేదాన్ని. అప్పుడే ఆ తిట్లు. "మేడం, చుక్క ఉన్నదని నాకూ తెలుసు, చుక్క పెట్టినోనికి తెలుసు. తెలిసింది చెప్పనీకి మీరెందుకు?"

ఇంత నిష్ఠ ఎందుకో కొన్నాళ్లకు అర్థమైంది. అక్కకు మోకాళ్లు పూర్తిగా అరిగిపోయాయి. ఆపరేషన్‌కు ఆమె గుండె తట్టుకోదని డాక్టర్లు చెప్పేశారు. ఇంట్లో నాలుగు అడుగులు వేయాలంటే గోడ పట్టుకోవాలి. నీళ్లలో నడవమని ఎవరో చెప్తే మొదలుపెట్టింది. రోజూ పొద్దున పాత పంజాబీ డ్రెస్సు వేసుకుని, మెట్టు మెట్టుకూ "అమ్మా" అంటూ పూల్లోకి దిగేది. నడుము దాకా నీళ్లు రాగానే ఆమె ముఖం విప్పారేది. చేతులు ఊపుకుంటూ ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచేది. సార్ గట్టు మీద ఆమెతో సమానంగా నడుస్తూ పేపర్ చదివి వినిపించేవారు. మధ్యలో ప్రశ్నలు కూడా వేసేవారు.

"ఇప్పుడు నేను గ్రూప్ వన్ రాయాల్నా?" అనేది ఆమె నీళ్లలోంచి.

"రాస్తె రాయి. వయసు సడలింపు ఉంటదేమో అడుగుత."

నేను ఆఫీసుకు వెళ్లే హడావిడిలో కూడా మా వెనక కిటికీ దగ్గర ఒక నిమిషం ఆగేదాన్ని. "నీళ్లల్ల నడుస్తుంటే ఈ మోకాళ్లు నాయి కావనిపిస్తది చెల్లె" అని అక్క నాతో ఒకసారి అంది. అంతకంటే సంతోషంగా ఎవరైనా ఏదైనా చెప్పగా నేను వినలేదు.

ఆ ఏడు చలికాలం చివర కూతురి పురుడుకని సార్, అక్క కరీంనగర్ వెళ్లారు. అదే సమయానికి పూల్ శుభ్రం చేసే అతను పని మానేశాడు. సార్ లేని మీటింగులో మేం ఒక గొప్ప నిర్ణయం తీసుకున్నాం. తేలే డబ్బాలో క్లోరిన్ బిళ్ల వేసే పని వంతులవారీగా, వారానికొక ఫ్లాటు చేయాలి. ఇంతలో ఏం మునిగిపోతుందనుకున్నాం. ఐదో అంతస్తు మామ్మగారు మొదటి బిళ్లకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, వినాయకుడికి చూపించి మరీ వేశారు. అక్కడి నుంచి పోటీ మొదలైంది. మా వంతు వారంలో నీళ్లు ఎలా మెరిశాయో చూశారా అని ఒకరు, మీ వారంలో కంటే మా వారంలోనే పిల్లలు ఎక్కువ దిగారని ఇంకొకరు. ఎవరికి వాళ్లు మీటింగులో అనుకున్న ఒక్క బిళ్లకు తోడు గుట్టుగా ఇంకోటి, పిల్లలు దిగుతారు కదా అని మరోటి వేశారు. మా ఆయన కూడా తక్కువేం తినలేదు. ఆ బిళ్లల్లో క్లోరిన్‌తో పాటు స్టెబిలైజర్ కూడా కలిసి ఉంటుందని, క్లోరిన్ ఖర్చయిపోయినా అది మాత్రం నీళ్లలోనే పేరుకుపోతుందని ఎవరికీ తట్టలేదు.

ఎండలు ముదిరాక సార్ తిరిగొచ్చేసరికి నీళ్లు గోంగూర ఉడికించిన రంగులో ఉన్నాయి. అక్క భుజం మీద తువ్వాలుతో కిందికి వచ్చింది, నీళ్లు చూసింది, గోడ పట్టుకుంటూ లిఫ్టు దగ్గరికి వెళ్లిపోయింది. సార్ పరీక్ష చేశారు. చెంచాడు నీళ్లు పోశారో లేదో చుక్క మాయమైంది.

ఆ వారమంతా ఆయన లిఫ్టులో కాపు కాశారు. "బిళ్లలు ఎన్ని ఏసిండ్రు? ఆప్షన్ ఎ, ఒకటి. బి, రెండు. సి, మూడు. డి, యాదికి లేదు." ఎక్కిన ప్రతివాళ్లూ కళ్లు దించుకుని "ఎ" అన్నారు.

"అందరు పాసైండ్రు మేడం. నీళ్లే ఫెయిలైనయి" అన్నారు నాతో.

ప్రెసిడెంటు గారు మీటింగు పెట్టారు. ఆయన చెడ్డవాడు కాదు. వీధిలో పెట్టిన ఆయన రెండో కారుకు ఎవరో నెలకోసారి గీతలు పెడుతున్నారు, ఆయన బాధ ఆయనది. "ఎన్నాళ్లని ఈ పచ్చ నీళ్లకి కాపలా కాస్తామండీ? ఈత ఎంతమందికొచ్చు? పూడ్చేసి చుట్టూ గట్టు కూడా కలిపితే ఆరు కార్లు పడతాయి, లెక్క వేయించాను" అన్నారు. ఆరు కార్లనగానే నలుగురైదుగురు తలలూపారు.

సార్ లేచారు. "నాలుగు ఆప్షన్లు చెప్త. ఎ, ఇంకా బిళ్లలు ఏసుడు. బి, గిట్లనే ఇడిచిపెట్టి దోమలను పెంచుడు. సి, మట్టితోని పూడ్చుడు. డి, సగం నీళ్లు తీసి కొత్తయి పట్టుడు. కరెక్ట్ ఆన్సర్ డి."

"మే నెల్లో నీళ్లు పారబోస్తామా?" ప్రెసిడెంటు గారు లేచి నిలబడ్డారు. "ట్యాంకర్ కోసం పొద్దున్నే ఫోన్ చేసి చేసి నా గొంతు పోతోంది. పారబోశాక మళ్లీ దేంతో నింపుతారు సార్?"

"వాన నీళ్లతోని. డాబా మీది పైపు పూల్లకు తిప్పుదం. పారబోసుడెందుకు, తీసిన నీళ్లు మనమే వాడుకుందం. మెట్లకు, కార్లకు, బాత్రూములకు. అన్ని రోజులు ట్యాంకర్ తక్కువ పడతది."

ట్యాంకర్ తక్కువ పడుతుందన్న మాట పని చేసింది. ఒప్పందం కుదిరింది. బోనాల లోపు నీళ్లు బాగుపడి, గొట్టం పరీక్ష పాసైతే పూల్ ఉంటుంది. లేకపోతే మట్టి లారీలు వస్తాయి. అక్క మీటింగుకు రాలేదు. కారిడార్లో కుర్చీ వేసుకుని వింటూ కూర్చుంది. వెళ్తూ నేను పలకరిస్తే, "ఏం తేలిచ్చిండ్రు చెల్లె, నా కాళ్ల సంగతి?" అంది.

మే నెలంతా మా అపార్ట్‌మెంటు పూల్ నీళ్లతో బతికింది. చిన్న మోటారు పెట్టి సెల్లార్లో డ్రమ్ములు నింపేవారు. బకెట్లు పట్టుకుని వరసలో నిలబడేవాళ్లం. మెట్లన్నీ ఆసుపత్రి వాసన. ప్రెసిడెంటు గారి రెండు కార్లూ ఆ నీళ్లతోనే కడిగారు. మొక్కలకు మాత్రం పోయొద్దని సార్ చెప్పినా మామ్మగారు వినకుండా పోస్తే, కరివేపాకు చెట్టు ఆకులు రాల్చుకుని కూర్చుంది. నెలాఖరుకు పూల్లో నీళ్లు మోకాలి లోతుకు దిగాయి. నడుము దాకా నీళ్లుంటేనే ఒంటి బరువు తేలేది. ఇప్పుడు ఆ మెట్లు దిగినా అక్కకు ఉపయోగం లేదు.

సార్ ప్లంబర్‌ను పిలిపించి డాబా పైపుకు కింద ఒక వాల్వు పెట్టించారు. ఒకవైపు తిప్పితే వాన నీళ్లు మురుగు మోరీలోకి, ఇంకోవైపు తిప్పితే పూల్లోకి. "మొదటి వాన డాబాను కడుగుతది, అది మోరీలకే పోవాలె. ఆ తర్వాతనే పూల్లకు" అని ఇంటింటికీ చెప్పారు.

చెప్పడం వరకు బాగానే ఉంది. వానే రాలేదు. మృగశిర కార్తె వచ్చింది, ఆనవాయితీగా చేపలు తిన్నాం, ఆకాశం మాత్రం తెల్లగా, కడిగిన పళ్లెంలా ఉంది. ప్రెసిడెంటు గారు మేస్త్రీని తీసుకొచ్చి కొలతలు వేయించారు. అతను మోకాలి లోతు నీళ్లలో నిలబడి టేపు పట్టుకుంటే, అక్క పై నుంచి చూస్తోంది. సార్ రోజూ డాబా ఎక్కి దిగేవారు. ఆ రోజుల్లో ఆయన ఆప్షన్లు నాలుగు నుంచి రెండుకు పడిపోయాయి. ఒక సాయంత్రం కూరగాయలామె, "సార్, ఇయ్యాల అడగలేదేంది?" అంటే, సంచి మాత్రం పట్టారు. నాకు చాలా దిగులేసింది. కారిడార్లో అక్క నడక ఆరు అడుగుల నుంచి నాలుగుకు వచ్చింది. ఆ పూల్ పోతే ఈ మనిషి ఇక మంచం దిగదన్న సంగతి నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం, సార్ అశోక్ నగర్‌లో క్లాసులో ఉండగా, ఒక్కసారిగా కురిసింది. డాబా మీద ఇంటింటి గుమ్మడి వడియాలు, ప్రెసిడెంటు గారి భార్య ఎండబెట్టిన మిరపకాయలు ఉన్నాయి. ఆడవాళ్లమంతా మెట్లెక్కి పరిగెత్తాం. మేం వెళ్లేసరికే సగం నీళ్లలో తేలుతున్నాయి. కింద సెల్లార్లో ప్రెసిడెంటు గారు ఒక్కరే ఉన్నారు. పైపులోంచి నీళ్లు ధారగా మోరీలోకి పోతున్నాయి. ఆ మనిషి వేసవంతా ఒక్కో ట్యాంకర్ కోసం ఫోన్లో బతిమాలుకున్నవాడు. పూల్ పూడ్చాలన్నది ఆయనే. వాన నీళ్లు పూల్లోకి పోకపోతే ఆయనకే లాభం. కానీ అంత నీళ్లు మోరీలో పోతుంటే చూడటం ఆయన వల్ల కాలేదు. వెళ్లి వాల్వు పూల్ వైపు తిప్పేశారు.

తడిసి ముద్దయి సార్ వచ్చేసరికి పూల్లో వడియాలు, మిరపకాయలు, పావురాల రెట్టలు, ఎవరిదో హవాయి చెప్పు. ప్రెసిడెంటు గారు లుంగీ ఎగగట్టి గట్టు మీద నిలబడి ఉన్నారు.

"నీళ్లు పోతుంటే చూడలేకపోయానండీ సార్. చెయ్యి ఆగలేదు" అన్నారు.

సార్ పూల్ వంక, ఆయన వంక చూశారు. కోప్పడతారనుకున్నాం. "ఆన్సర్ కరెక్టే ఏసిండ్రు. క్వశ్చన్ పేపర్ ఇయ్యకముందే ఏసిండ్రు" అన్నారు.

ప్రెసిడెంటు గారే నీళ్లలోకి దిగి, భార్య పూరీలు వేయించే చిల్లుల గరిటెతో వడియాలన్నీ తీశారు. మిరపకాయల ఘాటుకు తుమ్ముతూనే తీశారు. ఫిల్టరు ఆగకుండా తిరిగింది. ఆ తర్వాత వానలు వరసగా పట్టాయి. ఈసారి శుభ్రంగా కడిగిన డాబా మీంచి నీళ్లు పూల్లోకి చేరి, పై మెట్టు దాకా నిండాయి. సార్ బిళ్లలు ముట్టనివ్వలేదు. స్టెబిలైజర్ కలవని ద్రవం క్లోరిన్ తెచ్చి, ఎండ వాలాక తనే పోసేవారు. అడుగు పలకలు కనిపించేంతగా నీళ్లు తేరుకున్నాయి.

అయినా తేలాల్సింది గొట్టంలోనే. సగం నీళ్లు మారాయి కాబట్టి స్టెబిలైజర్ సగం తగ్గి ఉండాలి. కానీ మొదట ఎంత ఉందో ఎవరికి తెలుసు? చెంచాడు నీళ్లకే చుక్క మాయమైన పరీక్ష అది. సగం తగ్గినా ఎక్కువే ఉండొచ్చు. అలాగైతే వారం తిరక్కుండా మళ్లీ నాచు పడుతుంది, లారీలు వస్తాయి.

బోనాల ముందు ఆదివారం పొద్దున అందరం గట్టు మీద చేరాం. అక్క పాత పంజాబీ డ్రెస్సులో, తువ్వాలుతో, మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడింది. సార్ నీళ్లు, మందు కలిపి సీసా ఊపారు. ఎప్పట్లాగే ముగ్గురిని పిలుస్తారనుకున్నాం. ఆయన గొట్టం తీసుకెళ్లి ప్రెసిడెంటు గారి చేతిలో పెట్టారు.

"మీరొక్కలే చూడుండ్రి."

"మీరు చూడరా సార్?"

"నేను చూడ. చుక్క లేకున్నా నాకు కనిపిస్తది. నా ఇంట్ల మనిషి నడక దాంట్ల ఉంది" అన్నారు సార్. "మీకైతే అది కనిపించొద్దని ఉంది. మీకు కనిపించిందంటే ఉన్నట్టే."

సార్ ఆయన భుజాలు పట్టుకుని ఎండకు వీపు వచ్చేలా తిప్పి నిలబెట్టి, తను వెళ్లి ప్రహరీ గోడ వైపు ముఖం పెట్టుకుని నిలబడ్డారు.

నేను పోయడం మొదలుపెట్టాను. "కనిపిస్తోందండీ" అన్నారు ప్రెసిడెంటు గారు. ఇంకాస్త పోశాను. "ఉంది." నీళ్లు దారం దగ్గరికి వచ్చాయి.

"కొంచెం ఆగండమ్మా" అన్నారాయన. కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని గొట్టంలోకి వంగారు. పోయిందని ఒక్క మాట అంటే ఆరు కార్లు. ఆయన్ని తప్పు పట్టేవాడు కూడా లేడు.

"పొయ్యండి" అన్నారు. పోశాను. నీళ్లు దారం దాటాయి. "మసగ్గా ఉంది" అన్నారు, చిరాగ్గా. "ఉందండీ బాబూ. ఇంకా ఉంది."

ఎవరో చప్పట్లు కొట్టారు. సార్ మాత్రం ఇటు తిరగలేదు. దగ్గరికి వెళ్లాను. గోడ వంకే చూస్తూ, గొంతు తగ్గించి అడిగారు.

"నిజంగ చూసి చెప్పిండా మేడం? నా మొఖం చూసి చెప్పిండా?"

"మీ మొఖం గోడ వైపు ఉంది కదా సార్" అన్నాను.

ఆయన నవ్వబోయారు, అది నవ్వు కాకుండా పోయింది. చొక్కా చేతికి కళ్లు ఒత్తుకున్నారు. వెనక నీళ్ల చప్పుడైంది. ఇద్దరం తిరిగి చూశాం. మా ఫలితం కోసం అక్క ఆగలేదు. అప్పటికే పూల్ మధ్యలో ఉంది.

"అయిందా మీ పరీక్ష?" అంది. "నేను ఆ కొసదాక పోయొచ్చిన."

ఆమె మళ్లీ తిరిగింది. నడుము దాకా నీళ్లలో, చేతులు రెండూ బారజాపి ఊపుకుంటూ, ఏ గోడా పట్టుకోకుండా నడుచుకుంటూ పోయింది.